డ్రాయింగ్ పీరియడ్ లేని చోట ఆర్ట్ థెరపీ

(నందిగామలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

దామెర్ల రామారావు గారి స్మృతిలో ఉపన్యాసమంటే ఆయన వేసిన చిత్రాల గురించే ఉంటుందని అనుకోవడం సహజం. ఈ రోజు ఆయన చేసిన మరో పని వైపు చూడమని కోరుతున్నాను. 1897లో రాజమండ్రిలో పుట్టి 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిలో ఉన్నదేమిటో గుర్తుపట్టాడు కాబట్టి ఆయన బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలు దాకా వెళ్లగలిగారు. చదువయ్యాక అక్కడే ఉండిపోవచ్చు. ఉండలేదు. గోదావరి ఒడ్డుకే తిరిగొచ్చి, మిగిలిన ఆ కొద్దిపాటి ఏళ్లలో బొమ్మలు వేస్తూనే బొమ్మలు నేర్పే బడి కూడా పెట్టారు. ఆయన పోయాక స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు ఆ బడిని నిలబెట్టారు. అంత చిన్న ఆయుష్షులో కొంత భాగాన్ని పాఠం చెప్పడానికి పక్కన పెట్టిన మనిషి పేరు మీద నేను ఒక్క వాదమే మీ ముందు ఉంచుతాను. మన కళాశాలల్లో ఆర్ట్ థెరపీ, అంటే బొమ్మల ద్వారా మనసుకు చేసే చికిత్స, ఒక చదువుగా రావాలి. అయితే అది చిత్రకళా బోధన అనే చదువు తర్వాతే, దాని ఆధారంతోనే రావాలి. డ్రాయింగ్ పీరియడ్ లేని బడికి ఆర్ట్ థెరపిస్టును పంపితే పిల్లలకు ఒరిగేది తక్కువ, నష్టం జరిగే వీలు ఎక్కువ.

ఈ మాట ఇప్పుడే ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, పిల్లల మానసిక వేదన గురించి మన సమాజం ఆలస్యంగానైనా మాట్లాడుతోంది. ఆ మాటల వెనకే ఆర్ట్ థెరపీ పేరుతో కొన్ని వారాల ఆన్‌లైన్ తరగతులకు సర్టిఫికెట్లు ఇచ్చే కోర్సులూ వచ్చేశాయి. ఈ వృత్తిని గట్టిగా పట్టించుకున్న దేశాల్లో పద్ధతి వేరు. అమెరికాలో ఆర్ట్ థెరపిస్టు కావాలంటే మాస్టర్స్ డిగ్రీ, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులతో పనిచేసిన శిక్షణ ఉండాలి. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఆ హోదా పేరు వాడుకోవడమే చట్టరీత్యా తప్పు. మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తన షెడ్యూలులో ఆర్ట్, డాన్స్, మూవ్‌మెంట్ థెరపిస్టులను పేర్కొంది. అంటే ఇక్కడ కూడా ఇది ఆరోగ్య వృత్తిగా రూపు కడుతోంది. రూపు కట్టే దశలోనే పునాది గురించి అడగాలి.

ఈ రంగం ఎక్కడ పుట్టిందో చూద్దాం. ఆర్ట్ థెరపీ అనే మాటను వాడుకలోకి తెచ్చిన ఏడ్రియన్ హిల్ డాక్టరు కాదు, చిత్రకారుడు. 1938లో క్షయ సోకి ఇంగ్లండులోని మిడ్‌హర్స్ట్ శానిటోరియంలో ఉన్నప్పుడు తన కోసం బొమ్మలు వేసుకుంటూ, తర్వాత తోటి రోగుల చేత, యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుల చేత వేయించాడు. అమెరికాలో ఈ రంగానికి బాట వేసిన మార్గరెట్ నామ్‌బర్గ్ అంతకు ముందు న్యూయార్క్‌లో వాల్డెన్ స్కూలు స్థాపించిన విద్యావేత్త. ఆమె అక్క ఫ్లోరెన్స్ కేన్ అదే స్కూల్లో పిల్లలకు చిత్రకళ నేర్పింది. వీళ్లందరిలోకీ మన వాదానికి దగ్గరి మనిషి ఫ్రీడల్ డికర్-బ్రాండైస్. వియెన్నాలో పుట్టి జర్మనీలోని బౌహౌస్ అనే కళా విద్యాలయంలో చదువుకున్న చిత్రకారిణి. 1942 డిసెంబరులో నాజీలు ఆమెను టెరెజిన్ అనే నిర్బంధ పట్టణానికి తరలించారు. వెంట తెచ్చుకోనిచ్చిన కొద్ది సామానులో ఆమె చిత్రకళా సామగ్రి తెచ్చుకుంది. అక్కడి పిల్లలకు దాదాపు రెండేళ్ల పాటు పాఠాలు చెప్పింది. ఆ పాఠాలేమిటో గమనించండి. చేతికి లయ వచ్చేలా గీతల సాధన, ఎదురుగా ఉన్న వస్తువును చూసి గీయడం, రంగుల పొందిక, పాత మహాచిత్రాలను గమనించి తిరిగి కట్టడం, దొరికిన కాగితపు ముక్కలతో కొలాజ్. మీ దుఃఖాన్ని బొమ్మగా వేయండి అని అడగడం ఆ పాఠాల్లో ముఖ్యం కాదు. 1944 అక్టోబరులో ఆష్విట్జ్‌కు తరలించి ఆమెను చంపేశారు. వెళ్లే ముందు దాచి వెళ్లిన రెండు పెట్టెల్లో దాదాపు 4,500 బొమ్మలు మిగిలాయి. వాటిని వేసిన పిల్లల్లో ఎక్కువమంది మిగల్లేదు.

ఫ్రీడల్ దగ్గర చదువుకుని, 1938లో అమెరికా చేరిన ఎడిత్ క్రేమర్ న్యూయార్క్ ప్రాంతంలోని విల్ట్‌విక్ అనే బాలుర సంస్థలో కష్టాల్లోంచి వచ్చిన పిల్లలతో పనిచేసింది. ఆర్ట్ థెరపీలో ఒక ముఖ్యమైన శాఖ ఆమెది. బొమ్మను ఆధారం చేసుకుని మనసును విశ్లేషించడం నామ్‌బర్గ్ దారి. బొమ్మను పూర్తి చేయడంలోనే, పదార్థంతో పెనుగులాడి ఒక రూపం సాధించడంలోనే బాగుపడే శక్తి ఉందన్నది క్రేమర్ దారి. అందుకే థెరపిస్టు ముందుగా చేయి తిరిగిన కళాకారుడై ఉండాలని ఆమె పట్టుబట్టింది. పిల్లవాడి మట్టిబొమ్మ కాలు విరిగి పడిపోతుంటే ఎలా నిలబెట్టాలో తెలియని మనిషి ఆ పిల్లవాడికి ఆ క్షణంలో ఏ సాయమూ చేయలేడు. ఎంత ఓదార్చినా ఆ కాలు నిలబడదు. ఈ చరిత్రంతా చెప్పేది ఒకటే: ఆర్ట్ థెరపీ డ్రాయింగ్ క్లాసులో పుట్టి ఆసుపత్రికి వెళ్లింది. మనం ఆ క్లాసు లేకుండానే ఆసుపత్రి గది కట్టాలని చూస్తున్నాం.

చరిత్ర ఒక్కటే సరిపోదు, ప్రయోగం ఏమంటుందని మీరు అడగాలి. జెనిఫర్ డ్రేక్, ఎలెన్ విన్నర్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలను తమను నిరాశపరిచిన సంఘటన ఒకటి గుర్తు తెచ్చుకోమన్నారు. తర్వాత కొందరిని ఆ సంఘటననే బొమ్మగా వేయమన్నారు, కొందరిని ఒక ఇంటి బొమ్మ వేయమన్నారు. మనసు తేలికపడింది ఇంటి బొమ్మ వేసిన పిల్లలకే ఎక్కువ. బాధను బయటికి కక్కేస్తే పోతుందని మనం అలవాటుగా నమ్ముతాం. గోడలు, కిటికీలు, కప్పు ఎలా కుదరాలో ఆలోచిస్తూ ఒక పనిలో లీనమైన మనసుకు ఊరట ఎక్కువ దొరికిందని ఆ ప్రయోగం చూపింది. స్వల్పకాలిక ఫలితమే, అతిగా లాగకూడదు. లోతైన గాయం విషయంలో సమర్థుడైన థెరపిస్టు సమక్షంలో ఆ గాయాన్నే బొమ్మలో ఎదుర్కోవాల్సిన సందర్భాలు ఉంటాయి. కానీ రోజువారీ బాధలున్న మామూలు పిల్లలకు మామూలు డ్రాయింగ్ పీరియడే ఎంతో మేలు చేస్తుందని నమ్మడానికి ఇది మంచి ఆధారం.

ఇప్పుడు మన బడి సంగతి. అంధ బాలలకు వియెన్నాలో శిల్పం నేర్పి, నాజీల వల్ల దేశం విడిచి అమెరికా చేరిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో పిల్లల బొమ్మల ఎదుగుదల మీద రాసిన పుస్తకం ఇప్పటికీ ఈ చదువుకు మూలగ్రంథాల్లో ఒకటి. రెండేళ్ల పిల్లవాడి పిచ్చిగీతల నుంచి కౌమారం దాకా ఆయన దశలు విడదీశాడు. ఆ దశల సరిహద్దులు అన్ని సంస్కృతులకూ అచ్చంగా సరిపోతాయని నేననను. కానీ తొమ్మిది, పన్నెండేళ్ల మధ్య జరిగేది మన ఊళ్లలో కూడా కళ్లకు కడుతుంది. అప్పటిదాకా ధైర్యంగా బొమ్మలేసిన పిల్ల హఠాత్తుగా తన బొమ్మను నిజమైన వస్తువుతో పోల్చి చూసుకోవడం మొదలుపెడుతుంది. ఆవు ఆవులా లేదు, మనిషి చేయి పొట్టిగా ఉంది. ‘నాకు బొమ్మలు రావు’ అన్న తీర్పు అప్పుడే తనకు తాను ఇచ్చుకుంటుంది. చాలామంది జీవితాంతం ఆ తీర్పుతోనే ఉండిపోతారు. సరిగ్గా ఆ వయసులో పక్కన కూర్చుని, దూరంగా ఉన్నది చిన్నగా ఎందుకు కనబడుతుందో, నీడ ఏ వైపు పడుతుందో చూపించే మాస్టారు కావాలి. 2009 విద్యాహక్కు చట్టం ఆ సంగతి ఎరిగినట్టే ఉంది: ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లల సంఖ్య 100 దాటిన బడిలో కళావిద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని షెడ్యూలులో రాసింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక కోసం కళల మీద ఏర్పడిన బృందం పదో తరగతి దాకా కళను పాఠ్యాంశంగా ఉంచాలంది. 2020 జాతీయ విద్యా విధానం కళకూ సైన్సుకూ మధ్య గోడ వద్దంది. కాగితం మీద లోటు లేదు.

లోటు ఆ మాస్టారిని తయారు చేసే చోట ఉంది. మన రాష్ట్రంలో డ్రాయింగ్ మాస్టారు అయ్యే దారి ఏమిటో ఈ సభలో చాలామందికి తెలుసు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, వేసవిలో 42 రోజుల టీటీసీ అనే ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేయాలి. ఆ దారిలో వచ్చి అద్భుతంగా నేర్పినవాళ్లున్నారు. వాళ్ల గొప్పతనం వాళ్లది, ఆ ఏర్పాటుది కాదు. పరీక్ష చేతి నైపుణ్యాన్ని చూస్తుంది. పిల్లల బొమ్మ ఎలా ఎదుగుతుంది, మాటలు సరిగా రాని పిల్లవాడికి రంగులు ఎలా అందించాలి, పట్టు నిలవని చేతికి బ్రష్షు ఎలా అమర్చాలి, ఒక పిల్ల ఒక్కసారిగా బొమ్మలేయడం మానేస్తే ఎవరితో మాట్లాడాలి అన్నవి 42 రోజుల్లో పట్టే సంగతులు కావు. మరో వైపు రెండేళ్ల బి.ఇడి.లో నాటకం, కళ కలిపి ఒక చిన్న కోర్సు ఉంది. అది లెక్కల టీచరుకో సోషల్ టీచరుకో కళ రుచి చూపిస్తుంది, అంతవరకే. ఫైన్ ఆర్ట్స్ చదవాలంటే మన పిల్లలు హైదరాబాదుకో విశాఖకో కడపకో పోవాలి. అక్కడ వాళ్లు చిత్రకారులవుతారు, శిల్పులవుతారు, డిజైన్ రంగంలోకి వెళతారు. పిల్లలకు బొమ్మలు నేర్పడమనే పని ఒక విద్యగా, మూడు నాలుగేళ్ల చదువుగా మన డిగ్రీ కాలేజీల్లో ఇంకా చోటు చేసుకోలేదు.

మెట్ట ప్రాంతపు చిన్న పట్టణంలో ఇదంతా ఎందుకని ఒక ప్రశ్న. ఈ నేలకు ఆ ప్రశ్న తగదు. నందిగామ నుంచి హైవే మీద కాసేపట్లో చేరే జగ్గయ్యపేటలో, ధనంబోడు మీద 1882లో జేమ్స్ బర్జెస్ బయటపెట్టిన బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి మాంధాత చక్రవర్తి శిల్ప ఫలకం, పైకెత్తిన చేయి, మబ్బుల నుంచి రాలే చదరపు నాణేలతో, భారతీయ శిల్ప చరిత్ర పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. అసలు ఫలకం చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ ఫలకం కంటే నాకు ముఖ్యమనిపించేది అక్కడి ఆయక స్తంభాల మీద శాసనం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో ఆ మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఐదు స్తంభాలు నిలిపిన దాత రాజు కాదు, వర్తకుడు కాదు, సిద్ధార్థుడనే శిల్పి. కమ్మరాష్ట్రంలోని నడతూరుకు చెందిన అతని తండ్రి నాకచందుడూ శిల్పే. తల్లి, భార్య, పిల్లల పేర్లతో సహా రాతి మీద చెక్కించుకోగలిగిన హోదా ఆనాడు ఇక్కడ చేతిపని చేసేవాడికి ఉంది. ఆ హోదా తండ్రి దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్న పని నుంచి వచ్చింది. ఇటు విజయవాడ వైపు వెళితే కొండపల్లి. తెల్లపొణికి చెక్కను ఆరబెట్టి చెక్కడం, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలు అతకడం, సున్నం పూత మీద రంగులు దిద్దడం ఇంట్లో పెద్దల పక్కన కూర్చుని నేర్చుకునేవే. కళావిద్య మీద డిగ్రీ కోర్సుకు ఇంత దగ్గర్లో ఇన్ని పాఠాలున్న ఊళ్లు రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయి?

ఇక్కడే ఒక అభ్యంతరం, గౌరవించదగినది. ధనుర్మాసమంతా ప్రతి గుమ్మం ముందూ ముగ్గు ఉంటుంది, పండక్కి బొమ్మల కొలువు ఉంటుంది, కళ మన ఇళ్లలోనే ఉండగా దానికి కాలేజీ, సిలబస్ ఎందుకని. ముగ్గు వేసే చేతిని గమనించినవాళ్లు ఈ అభ్యంతరంలోనే జవాబు చూస్తారు. ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పుట్టుకతో రాదు; తల్లి పక్కన కూర్చుని మూడు చుక్కల నుంచి మొదలుపెట్టి, తప్పిన చోట చెరిపి, ఏళ్లు పట్టి నేర్చుకున్నదే. అది బోధనే, మంచి బోధన. అయితే మగపిల్లలకు అది దక్కలేదు. హాస్టళ్లలో పెరిగే పిల్లలకు దక్కడం లేదు. వాకిలి లేని ఇళ్లు పెరుగుతున్నాయి. ఆ తల్లి ఏ క్రమంలో నేర్పిందో, లెక్క, సౌష్ఠవం, పట్టుదల ఆ క్రమంలో ఎలా కలిశాయో అధ్యయనం చేసి బడికి తేవడం కళాశాల చేయగల పని.

ఉద్యోగాలేవి అన్నది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. ఉద్యోగాలకు హామీ ఇచ్చే స్థితిలో ఎవరూ లేరు. కానీ రెండు చట్టబద్ధమైన అవసరాలు ఎదురుగా ఉన్నాయి. ఒకటి, ముందు చెప్పిన విద్యాహక్కు చట్టం షెడ్యూలు. రెండోది, విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు: 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. రెండు చోట్లా అదే అంకె. యాజమాన్యాలు ఈ రెంటినీ కలిపి ఒకే మనిషి చేత చేయించుకుందామని చూస్తే దాన్ని గట్టిగా అడ్డుకోవాలి. డ్రాయింగ్ మాస్టారు కౌన్సెలర్ కాడు. కానీ ఒకే కళాశాల విభాగం, సైకాలజీ విభాగంతో కలిసి, ఈ రెండు దారులకూ పిల్లలను సిద్ధం చేయగలదు.

ఆర్ట్ థెరపీకి శాస్త్రీయ ఆధారం ఉందా అన్న అభ్యంతరానికి దాపరికం లేకుండా జవాబివ్వాలి. బ్రిటన్‌లో స్కిజోఫ్రీనియా ఉన్న 417 మందితో పెద్ద ప్రయోగం జరిగింది, 2012లో ఫలితాలు వచ్చాయి. ఏడాది పాటు వారానికోసారి బృందంగా ఆర్ట్ థెరపీ ఏర్పాటు చేసినా, రెండేళ్ల తర్వాత చూస్తే మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్ల కంటే వాళ్ల స్థితి మెరుగ్గా ఏమీ లేదు. చాలామంది ఆ సెషన్లకు సరిగా రానే లేదు. మరో వైపు 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కార్యాలయం 3,000కు పైగా అధ్యయనాలను సమీక్షించి, జబ్బును నివారించడంలో, ఆరోగ్యాన్ని పెంచడంలో, చికిత్సకు తోడు నిలవడంలో కళలకు పాత్ర ఉందని చెప్పింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. తీవ్రమైన మానసిక వ్యాధికి బొమ్మలు మందు కావు. విస్తారమైన మామూలు జీవితంలో కళ ఉండడం ఆరోగ్యకరం. అంటే పెట్టుబడి పెట్టాల్సింది ముందు బడిలోని పీరియడ్ మీద. ఆ 417 మంది ప్రయోగాన్ని ఆర్ట్ థెరపీ చదివే విద్యార్థులకు మొదటి వారంలోనే పాఠంగా చెప్పాలి. తన పరిమితి తెలియని వైద్యం ఎంత మంచి ఉద్దేశంతో వచ్చినా ప్రమాదమే.

ప్రమాదం అన్న మాట ఊరికే వాడలేదు. పిల్లల బొమ్మల నుంచి మనసు చదివేయాలన్న ఆత్రం పాతది. 1926లోనే ఫ్లోరెన్స్ గుడినఫ్ మనిషి బొమ్మ వేయించి పిల్లల తెలివిని కొలిచే పరీక్ష తయారు చేసింది. తర్వాత ఇల్లు, చెట్టు, మనిషి బొమ్మలతో వ్యక్తిత్వం చెప్పే పరీక్షలొచ్చాయి. వాటి సరుకు చిల్లరగా మారి ఇప్పుడు ఫోన్లలో తిరుగుతోంది: నల్లరంగు వాడితే దిగులు, చేతులు లేని బొమ్మ వేస్తే ఎవరో హింసించారని. నల్లరంగు ఎక్కువ వాడిన పిల్లవాడి డబ్బాలో మిగిలిన క్రేయాన్ అదొక్కటే కావచ్చు. ఇలాంటి సగం చదువుతో ఒక పిల్లను అనుమానించినా, ఒక తండ్రి మీద నింద వేసినా దాన్ని సరిచేయడం చాలా కష్టం. ఏడాదంతా ఆ పిల్ల బొమ్మలు చూసిన డ్రాయింగ్ టీచరుకు ఏది మామూలో తెలుసు, కాబట్టి మార్పు వచ్చినప్పుడూ తెలుస్తుంది. కొత్తగా వచ్చిన థెరపిస్టుకు ఆ కొలత ఎక్కడి నుంచి వస్తుంది?

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. దానికి తోడు మన దగ్గర వరదలు: 2023 జూలైలో మునేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారిని ముంచింది. 2024 సెప్టెంబరు మొదట్లో మునేరు, పాలేరు, బుడమేరు అన్నీ ఒకేసారి పొంగి ఈ జిల్లాను అతలాకుతలం చేశాయి. పిల్లలు ఇప్పుడు బాధపడుతుంటే, డ్రాయింగ్ మాస్టార్లు తయారయ్యేదాకా ఆగమంటారా అని అడిగేవాళ్ల ఆవేదన నాదీ. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలో ఉన్న పిల్లకు ఈ రాత్రే కావలసింది సైకియాట్రిస్టు, కౌన్సెలర్, టెలీమానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరు, పక్కన మేలుకుని కూర్చునే మనిషి. ఏ దేశంలోనూ ఆ స్థితిలో మొదటి సాయం ఆర్ట్ థెరపీ కాదు. ఆ అత్యవసర ఏర్పాట్లు ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు, ఆగకూడదు. నేను ఆలస్యం చేయమంటున్నది వారాల్లో థెరపిస్టులను తయారు చేసే తొందరను మాత్రమే. వరద తీశాక బడికి తిరిగొచ్చిన పిల్లలకు వారానికి రెండు పీరియడ్లు రంగులు, మట్టి, ఓపిక గల మాస్టారు దొరకడానికి ఏ డిగ్రీ కోసమూ ఎదురు చూడనక్కర్లేదు. ఉన్న టైమ్‌టేబుల్లో డ్రాయింగ్ అని రాసి ఉన్న గంటను లెక్కల క్లాసుకు ఇచ్చేయకుండా ఉంటే చాలు, పని మొదలవుతుంది.

కళాకారుల వైపు నుంచి వచ్చే మాట కూడా ఉంది: కళను మందుబిళ్ల చేస్తారా అని. వాళ్ల భయంతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. అందుకే కళ ముందు కళగా నేర్పాలనే ఈ క్రమం.

ఆచరణకు వస్తే, కొత్త కాలేజీ కట్టమని అడగడం లేదు. 2023-24 నుంచి మన డిగ్రీ చదువులో ఒక మేజర్, ఒక మైనర్ అనే పద్ధతి వచ్చింది. బి.ఎ.లో గానీ బి.ఎస్‌సి.లో గానీ చిత్రకళా బోధనను మైనర్‌గా పెట్టవచ్చు. అందులో సగం కాలం చేతిపనికే పోవాలి, కొండపల్లి పనివాళ్లను సందర్శకులుగా కాకుండా వేతనం మీద ఉపాధ్యాయులుగా పిలవాలి. మిగిలిన దానిలో పిల్లల ఎదుగుదల, ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పని ఉండాలి. దీనికి సికింద్రాబాదులో 1984 నుంచి పనిచేస్తున్న మేధో వైకల్యం గలవారి సాధికారత జాతీయ సంస్థ అనుభవం తోడు తీసుకోవచ్చు. ప్రతి విద్యార్థీ ఏడాది పొడవునా ఒకే ప్రభుత్వ బడిలో ఒకే తరగతికి నేర్పాలి, ఆ పిల్లల బొమ్మలు తేదీలతో భద్రపరచాలి, పిల్లల అనుమతి లేకుండా ఎక్కడా ప్రదర్శించకూడదు. ఈ మైనర్ పూర్తి చేసి, రెండేళ్లయినా బడిలో నేర్పినవాళ్లకే ఆర్ట్ థెరపీ పి.జి.లో సీటు. ఆ పి.జి. ఆసుపత్రితో కలిసి, క్లినికల్ సైకాలజిస్టుల పర్యవేక్షణలో నడవాలి. అది నందిగామలో వీలుకాదు, విజయవాడలో వీలవుతుంది. మైనర్ ప్రతిపాదన వెళ్లాల్సింది మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయానికి. అదే ఊళ్లో 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటర్జీ దగ్గర అడివి బాపిరాజు గారు చిత్రకళ నేర్చుకున్నారు, తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఈ జిల్లాల్లో కళ, మిగతా చదువు ఒకే కప్పు కింద నడిచిన రోజులున్నాయి కాబట్టి బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు మనం వింతైనదేదీ అడగడం లేదు. వచ్చే విద్యాసంవత్సరం సిలబస్ సమావేశం లోపు ఇక్కడి అధ్యాపకులు, డ్రాయింగ్ మాస్టార్లు, కొండపల్లి పనివాళ్లు కలిసి కూర్చుని ముసాయిదా రాయవలసి ఉంది.